పాత సెయిల్‌బోట్ డెక్ లీకులు – 3వ పాఠం: బోల్టు తల తిప్పొద్దు, నట్టు తిప్పాలె

పోయిన పాఠం చదివి డెక్కు (పడవ పై కప్పు) మీది క్లీట్లు (తాళ్లు కట్టేటియి), స్టాంచన్ బేసులు (రెయిలింగు కడ్డీల కింది దిమ్మెలు) పీకి బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు టేపు) పెట్టి మళ్ల బిగించినోళ్లల్ల మస్తు మంది, మొదటి గట్టి వానకే లోపల పరుపు నానిందని రాసిన్రు. ఇయ్యాల డెక్కు నడుమ చెక్క గురించి చెప్పాలె గానీ ముందు ఇది తేలాలె. ఫోటోలు చూడంగనే సమజైంది, బోల్టు చుట్టూ టేపు సుడి తిరిగి ఒక పక్కకు గుంజుకపోయి ఉంది. అంటే పైనుంచి బోల్టునే తిప్పిన్రు.

బ్యూటైల్ ఎండి గట్టిపడేది కాదు, ఎప్పటికీ జిగటగనే ఉంటది, బోల్టుకూ డెక్కుకూ రెండిటికీ అతుక్కొని ఉంటేనే నీళ్లు ఆపుతది. తల తిప్పంగనే ఆ అతుకు తెగుతది, మరలు జిగటను వాటి వెంట గుంజుకపోతయి, సన్నటి దారి పడతది, నీళ్లకు అది చాలు. ఒకరు పైన స్క్రూడ్రైవర్‌తోని తల కదలకుండ పట్టాలె, ఇంకొకరు లోపల పానాతోని నట్టు తిప్పాలె. ఒక్కలే ఉంటే స్క్రూడ్రైవర్‌కు గ్రిప్ ప్లయర్ బిగించి దాని పిడి పక్క ఫిట్టింగుకు ఆనేటట్టు పెట్టుండ్రి, నేనైతే గట్లనే చేస్త. ఆఖరి అర చుట్టు పైనుంచి తిప్పితే ఏమైతదని అడిగిన్రు కొందరు. ఆ అర చుట్టే మొత్తం ఖరాబు చేస్తది, ఎందుకంటే అప్పటికి టేపు నలిగి పల్చగ అయి ఉంటది, తెగితే నిండనీకె ఏం మిగలదు.

ఒక్కరోజుల బిగించుడు గూడ వద్దు. రోజుకు కొంచెం కొంచెం, అంచుల నుంచి టేపు బయటికొచ్చుడు ఆగేదాంక. మన నల్లగొండ మే ఎండకు జల్ది మెత్తబడతది, డిసెంబర్ పొద్దుగాల మొండికేస్తది.

లీకు కనపడంగనే బాత్రూం సిలికాన్ తెచ్చి పైన అంచుల పొంటి పూసినోళ్లు, దయచేసి ఆపుండ్రి. ఆ జిడ్డు ఫైబర్‌కు పట్టినంక దాని మీద ఇంకే సీలెంటూ నిలవదు, ఎసిటోన్‌తోని తుడిచినా మొత్తం పోదు.

ఇగ చెక్క. చానా పడవలల్ల రెండు ఫైబర్ పొరల నడుమ బల్సా (తేలికటి చెక్క) గానీ ప్లైవుడ్ గానీ ఉంటది. స్క్రూడ్రైవర్ పిడితోని కొట్టి చూడుండ్రి, మంచిగున్న జాగల ఖంగుమంటది, నానిన జాగల దబ్బుమంటది. హోలుల గోరు పెడితే నల్లటి తడి పొట్టు వస్తే కుళ్లినట్టే. కుళ్లు కొంచెమే ఉంటే మొలను వంచి డ్రిల్లుకు పెట్టి లోపల తిప్పి, పొట్టంతా గుంజి, బాగ ఆరినంక హోలు కింది దిక్కు మామూలు టేపుతోని మూసి ఎపాక్సీ (రెండు కలిపితే గట్టిపడే జిగురు) నింపుండ్రి, ముందు పల్చటిది, తర్వాత చిక్కగ చేసే పౌడర్ కలిపింది. గట్టిపడ్డంక దాని నడుమ కొత్త హోలు, పై అంచు కౌంటర్‌సింక్ బిట్టుతోని కొద్దిగ చెక్కితే అండ్ల బ్యూటైల్ టేపు రింగు లెక్క కూసుంటది. ఎండల ఎపాక్సీ కప్పులనే ఉడుకుతది, పొద్దుగాలనే కొంచెం కొంచెం కలుపుకోండ్రి.

చేసి చూసేటిది: సైన్‌బోర్డు దుకాణంల అక్రిలిక్ తునకలు రెండు తెచ్చుకోండ్రి. ప్లైవుడ్ ముక్కల మీద టేపు, దాని మీద అక్రిలిక్ పెట్టి, ఒకటి తల తిప్పి, ఒకటి నట్టు తిప్పి బిగించుండ్రి, లోపల టేపు ఎట్ల జరుగుతుందో కండ్ల ముందే కనపడతది. నీళ్ల బాటిల్ రెండు దిక్కుల కోసి గొట్టం లెక్క బోల్టు చుట్టూ అతికించి, నీళ్లు పోసి, కింద కాయితం పరిచి వారం ఉంచుండ్రి. రెండు కాయితాల ఫోటోలు పంపుండ్రి, అవి చూసినంకనే చైన్‌ప్లేట్ల (తెరచాప స్తంభం తీగలను పడవకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) పాఠం మొదలుపెడత.