పిక్కల సీజన్ మొదలవకముందే పెర్ల్ ఫంక్షన్లు సరిచూసుకోండి

పలాస దగ్గర ఒక జీడిపిక్కల కొట్లో కిందటి సీజన్ లెక్కలు తేలడం లేదని ఈమధ్యే తెలిసింది. చీటీలు కొట్టేది పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టు. మార్చి వస్తే పిక్కలు మళ్లీ దిగుతాయి. అలాంటి స్క్రిప్టు నడిపేవాళ్లంతా ఇప్పుడే చూసుకోండి.

అందులో చెల్లింపు ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లుగా, అంటే పంపే విలువలుగా, వరసగా రైతు, బస్తాలు, ధర, అడ్వాన్సు, తరుగు పంపుతున్నారు. అడ్వాన్సు చోట నేరుగా ఇంకో ఫంక్షన్‌ని పిలిచారు. అడ్వాన్సు తీసుకోని రైతుకి అది ఉత్త రిటర్న్‌తో, అంటే ఏ విలువా ఇవ్వకుండా, తిరిగొస్తుంది. అక్కడ ఉత్త రిటర్న్ అంటే సున్నా కాదు, ఖాళీ జాబితా. ఆ గడి మాయమై వెనకున్నది ముందుకు జరుగుతుంది. 20 కిలోల తరుగు కాస్తా 20 రూపాయల అడ్వాన్సయింది. తరుగు రాకపోతే సున్నా అనుకోమని రాసి ఉండటంతో ఒక్క హెచ్చరికా రాలేదు.

పేర్లు పెట్టి పంపితే చాలనుకోకండి. 2014లో బగ్‌జిల్లా అనే లోపాల నమోదు సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన లోపం పేరు-విలువ జతల్లోనే వచ్చింది. ఫారంలో అసలు పేరు గడికి పలు విలువలు పంపితే, అవి జతల్లో దూరి లాగిన్ పేరునే మార్చేశాయి.

కాబట్టి ఆర్గ్యుమెంట్ల మధ్య ఫంక్షన్‌ని నేరుగా పిలవకండి. ముందు ఒక వేరియబుల్‌లోకి తీసుకోండి, లేదా పిలుపు ముందు స్కేలార్ (scalar, ఒకే విలువ కావాలని చెప్పే మాట) అని రాయండి. ఒకే విలువ ఇవ్వాల్సిన ఫంక్షన్ ఎప్పుడూ ఒకటే ఇవ్వాలి. అడ్వాన్సు లేకపోతే సున్నా అని తిరిగివ్వండి.

పెర్ల్ 5.36 నుంచి సిగ్నేచర్లు (ఫంక్షన్ ఏయే విలువలు తీసుకుంటుందో దాని మొదట్లోనే రాసే పద్ధతి) ప్రయోగదశ దాటాయి. వాడండి, ఆర్గ్యుమెంటు తక్కువైతే ప్రోగ్రాం అక్కడే ఆగుతుంది. డబ్బు లెక్కలో మాత్రం డిఫాల్టు విలువ పెట్టకండి. పెడితే ఆ కాపలా పోయినట్టే.

ఆర్గ్యుమెంట్లు మూడు దాటితే పేర్లతోనే పంపాలి. తెలియని పేరొస్తే ఆపేయాలి. రెండు అర్రేలు (విలువల వరసలు) పంపాలంటే రిఫరెన్సులుగానే (వాటిని చూపే గుర్తులుగానే), లేకపోతే రెండూ కలిసిపోతాయి. @_ (ఫంక్షన్‌కి వచ్చిన ఆర్గ్యుమెంట్ల వరస) లోపలి విలువని నేరుగా మార్చొద్దు, పిలిచినవాడి వేరియబుల్ మారిపోతుంది. ఒకటి, సున్నా, ఒకటి అని అవును-కాదు జెండాలు వరసగా పంపొద్దు. ధర కిలోకా, 80 కిలోల బస్తాకా, పేరులోనే ఉండాలి. ఆర్గ్యుమెంట్ల మధ్య ఫంక్షన్ పిలుపు వద్దు, మళ్లీ చెబుతున్నా, వద్దు. ప్రోటోటైపుల్ని (ఫంక్షన్ పేరు పక్కన రాసే ($$) లాంటి గుర్తుల్ని) తనిఖీ అనుకోవద్దు. హెచ్చరికలు ఆపొద్దు. అడ్వాన్సు లేని రైతు పేరుతో ఒక చీటీ కొట్టి చూడండి, ఈ వారంలోనే.