కంట్రోలర్ లేకుండా వీఆర్‌లో టైప్ చేయాలంటే

రాత్రి పదకొండింటికి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కళ్లకు పెట్టుకుని ఓ యాప్‌లో లాగిన్ అవుదామంటే కుడిచేత్తో పట్టుకునే కంట్రోలర్‌లో సెల్ అయిపోయింది. నాది మెటా వాళ్ల క్వెస్ట్ 3 హెడ్‌సెట్, దాని కంట్రోలర్‌కి ఒక్కోదానికి ఒక పెన్సిల్ సెల్ పడుతుంది, ఇంట్లో చూస్తే గోడ గడియారంలో ఉన్నది తప్ప ఇంకోటి లేదు. వట్టి చేతులతోనే కొడదాం అని మొదలుపెడితే పన్నెండు అక్షరాల పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పొచ్చింది, భుజం లాగేసింది, చివరికి గడియారమే ఆగింది. ఆ తర్వాత పంతం పట్టి కొన్ని నెలలు చేతులతోనే వాడాను కాబట్టి నాకు అబ్బినది చెప్తాను.

ముందే ఒక మాట. హెడ్‌సెట్‌లో గాల్లో తేలుతూ కనిపించే కీబోర్డు మీద పేజీలకు పేజీలు రాసేద్దాం అనుకుంటే ఆ ఆశ వదిలేయండి. అది పాస్‌వర్డ్‌కి, సెర్చ్‌కి, ‘ఆగు వస్తున్నా’ లాంటి మెసేజ్‌కి పనికొస్తుంది, అంతే. నాలుగు వాక్యాలు దాటితే నోటితో చెప్పాలి, ఇంకా ఎక్కువైతే నిజం కీబోర్డు టేబుల్ మీద పెట్టుకోవాలి.

సెట్టింగ్స్‌లో మూవ్‌మెంట్ ట్రాకింగ్ అనే చోట హ్యాండ్ ట్రాకింగ్ (చేతుల కదలికల్ని హెడ్‌సెట్ గుర్తుపట్టడం) ఆన్ చేయండి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఈ మెనూలు చోటు మారుతుంటాయి, దొరక్కపోతే పైన సెర్చ్‌లో వెతకండి (దానికీ టైపింగే కావాలి, అదో గోల). కంట్రోలర్లు పక్కన పెట్టేస్తే కాసేపటికి మీ చేతులు కనబడతాయి.

ఇక వెలుతురు. చేతుల్ని చూసేది హెడ్‌సెట్ ముందున్న కెమెరాలే, కాబట్టి మసక గదిలో తెర మీది వేళ్లు వణుకుతాయి, లైటు వేయండి. అలాగని ఎండలో కూర్చోవద్దు, ఎండ లెన్స్‌లోకి పడితే లోపలి స్క్రీన్ మాడిపోతుంది. అమెరికా నుంచి ఎవరి చేతో తెప్పించుకున్న హెడ్‌సెట్ అయితే ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ అన్న సెట్టింగ్ ఓసారి చూడండి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, దాన్నిబట్టే లైట్లు మినుకుమంటాయి కాబట్టి కెమెరాలకు తేడా కొడుతుంది. ఆటోలో ఉంటే మామూలుగా అదే సర్దుకుంటుంది, ఎవరైనా 60 పెట్టేసి ఉంటే మార్చండి.

ఇప్పుడు అసలు సంగతి. కీబోర్డు వాడటానికి రెండు దారులున్నాయి. మొదటిది, కీబోర్డు దూరంగా ఉంటే చేతి నుంచి గీతలా ఒకటి వెళ్తుంది, అక్షరం మీదికి తెచ్చి ముగ్గుపిండి పట్టినట్టు బొటనవేలూ చూపుడువేలూ కలపాలి. దీంతో వచ్చే తంటా ఏమిటంటే, వేళ్లు కలిపే క్షణంలోనే చెయ్యి కాస్త కదిలి గీత పక్క అక్షరం మీదికి జారుతుంది. మోచేతిని కుర్చీ చేతి మీద ఆనించండి, సగం బాధ పోతుంది. రెండోది, కీబోర్డుని దగ్గరికి లాక్కుని వేలితో నేరుగా పొడవడం. నాకు ఇదే నయం.

ఇందులో అందరూ చేసే తప్పు కీబోర్డుని కళ్ల ఎదురుగా నిటారుగా పెట్టుకోవడం. అలా పెడితే వేలు సూటిగా ముందుకు పోతుంది, కెమెరాకి చేతి వెనకభాగమే కనిపిస్తుంది, వేలి కొస దాని చాటున పడిపోతుంది, కనిపించని వేలు ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ ఊహించుకోవాల్సి వస్తుంది. మీరు ‘కె’ కొడితే ‘ఎల్’ పడేది అందుకే. కీబోర్డుని ఛాతీ కిందికి దించి, కాస్త వాలుగా పెట్టుకోండి, పైనుంచి చూస్తే వేలు మొత్తం కనబడేలా. పది వేళ్లతో కొట్టాలని ప్రయత్నించకండి, నొక్కామో లేదో వేలికి తెలియదు కదా, క్లిక్‌మన్న శబ్దమే ఆధారం. రెండు చూపుడువేళ్లు చాచి మిగతావి ముడవండి, చేతులు ఒకదాని మీదుగా ఇంకోటి పోకుండా ఎడమ సగం ఎడమచేతికి, కుడి సగం కుడిచేతికి వదిలేయండి. మీట దాటాక వేలు పూర్తిగా వెనక్కి తీయండి, లేకపోతే ఒక్క అక్షరం రెండు పడుతుంది.

మరీ కిందికి దించితే ఏమవుతుందో కూడా చెప్పాలి. నా కీబోర్డు సరిగ్గా టేబుల్ అంచు దగ్గర తేలుతోంది, బ్యాక్‌స్పేస్ అనుకుని పొడిచింది టీ గ్లాసుని. టేబుల్ ఖాళీ చేసుకుని కూర్చోండి.

తెలుగు రాయాలంటే నేను బ్రౌజర్‌లో లేఖిని తెరుస్తాను, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. కాకపోతే చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట, సున్నాకి పెద్ద ఎమ్. అంటే ‘ఇంటికి’ అని రాయాలంటే షిఫ్ట్ రెండుసార్లు వెతుక్కుని పొడవాలి. దీర్ఘానికి మాత్రం పెద్ద ‘ఏ’ బదులు చిన్నది రెండుసార్లు కొట్టండి, షిఫ్ట్ తప్పుతుంది.

అంత ఓపిక లేకపోతే నోటితో చెప్పండి. ఇంగ్లిష్ అయితే కీబోర్డు మీది మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలు. తెలుగైతే నేను ఫోన్‌లో జీబోర్డు (గూగుల్ కీబోర్డు) మైకుకి చెప్పి (2017 నుంచే అది తెలుగు వింటుంది) నోట్స్ రాసుకునే గూగుల్ కీప్‌లో పెడతాను, హెడ్‌సెట్ బ్రౌజర్‌లో అదే కీప్ తెరిచి కాపీ చేసుకుంటాను. పక్కగదిలో వాళ్లు ఎవరితో మాట్లాడుతున్నావని అడుగుతారు, అలవాటైపోతుంది.

పనికైతే బ్లూటూత్ కీబోర్డే. సెట్టింగ్స్‌లో పెయిర్ చేసుకుని, ఎఫ్, జె మీట్ల మీద ఉండే చిన్న గీతల్ని వేళ్లతో తడిమి పట్టుకుంటే చూడకుండానే కొట్టేయొచ్చు, చుట్టూ గది కనిపించే పాస్‌త్రూ ఆన్‌లో ఉంటే ఇంకా సుఖం. దీనికంటే తేలికైనది, లాప్‌టాప్ స్క్రీన్‌నే రిమోట్ డెస్క్‌టాప్ యాప్‌తో హెడ్‌సెట్‌లోకి తెచ్చుకోవడం. కొట్టేది లాప్‌టాప్ మీదే కాబట్టి విండోస్ 10లో 2019లో వచ్చిన తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేది) యథాతథంగా పనిచేస్తుంది.

ఆపిల్ వాళ్ల హెడ్‌సెట్ విజన్ ప్రో వాడేవాళ్లకి ఒక్క ముక్క. అందులో అక్షరాన్ని చూసి ఒళ్లో పెట్టుకున్న చేత్తోనే వేళ్లు కలపొచ్చు, చెయ్యి నొప్పే ఉండదు. కానీ కన్ను వేలికంటే ముందు పరిగెడుతుంది, వేళ్లు కలిపేలోపే చూపు తర్వాతి అక్షరం మీదికి పోయి అదే పడుతుంది. వేళ్లు కలిపేదాకా చూపు కదపకండి.

ఓటీపీ వచ్చిందని హెడ్‌సెట్ తీసేయకండి. క్వెస్ట్ 3 అయితే పక్కన రెండుసార్లు తడితే బయటి గది కనబడుతుంది, ఫోన్ చేతిలోకి తీసుకుని ఆరంకెలూ గట్టిగా చదువుకోండి, ఫోన్ కింద పెట్టి, మళ్లీ తట్టి లోపలికి వెళ్లి కొట్టేయండి. ఫోన్ చేతిలో ఉండగానే కొట్టబోతే ఆ చేతిని కెమెరా సరిగా గుర్తుపట్టదు, టైమ్ అయిపోయి ఇంకో ఓటీపీ అడగాల్సి వస్తుంది.