పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కారుకు వైజాగ్‌లో నమ్మకమైన మెకానిక్‌ని పట్టుకోవడం ఎలా

"ఈ కారు తెలిసిన మెకానిక్ ఎవరైనా ఉన్నారా?" అని అడగడం ముందు మానేయండి. నేను రెండేళ్లు ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని గాజువాక ఆటోనగర్ నుంచి మధురవాడ దాకా తిరిగాను. నా దగ్గరున్నది 1974 మోడల్ ఫియట్ 124 స్పైడర్, మా పెదనాన్నగారు మర్చంట్ నేవీలో పనిచేసిన రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్నది. అడిగిన ప్రతి చోటా "ఆ, తెలుసండీ, తెచ్చేయండి" అన్నారు. తెలుసు అన్నవాళ్ల చేతిలోనే అది పాడైంది. మన ఊళ్లో 124 స్పైడర్‌నో ఆల్ఫా రోమియో స్పైడర్‌నో ఇంతకుముందు విప్పి బిగించినవాళ్లు దొరకడం దాదాపు కలే, కాబట్టి ఆ ప్రశ్నకు నిజమైన జవాబు "తెలియదండీ" మాత్రమే. ఆ మాట చెప్పగలిగినవాడు కావాలి మనకు.

అడగాల్సింది వేరే. "మీరు పాత ఫియట్లు చేశారా? ప్రీమియర్ పద్మిని, 118 ఎన్‌ఈ చేశారా? ఇప్పటికీ ఎవరైనా తెస్తున్నారా?" అని అడగండి. పద్మిని అంటే ఇటలీ ఫియట్ 1100నే, బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు తయారుచేశారు, 1089 సీసీ ఇంజన్, సోలెక్స్ కార్బురేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపే భాగం), కంటాక్ట్ పాయింట్లు (ప్లగ్గుల్లో సమయానికి నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్చు). 118 ఎన్‌ఈకి బాడీ ఫియట్ 124ది, ఇంజన్ మాత్రం నిస్సాన్‌ది. మన స్పైడర్ సాంకేతికంగా వీటికంటే చాలా ముందున్న బండే, కానీ చేతికి కావాల్సిన విద్య అదే: కార్బురేటర్ విప్పడం, పాయింట్లు పెట్టడం, ట్యాపెట్ (వాల్వుని నొక్కే ముక్క) శబ్దం చెవితో పట్టుకోవడం. కంప్యూటర్ తగిలించి తప్పు వెతికే సర్వీస్ సెంటర్‌కి ఈ కారు తీసుకెళ్తే తగిలించడానికి సాకెట్టే ఉండదు. అక్కడి కుర్రాళ్లు మంచివాళ్లే, చురుకైనవాళ్లే, కానీ వాళ్లలో చాలామంది పని నేర్చుకునేసరికే కార్బురేటర్ కార్లు రోడ్ల మీద లేకుండా పోయాయి.

ఇంకో చిన్న తేడా ఉంది, చాలామంది పట్టించుకోరు. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగినాయన కూడా గొప్ప మెకానిక్కే, కాకపోతే ఆయన పెట్టెలో ఇంచీ కొలతల స్పానర్లు ఎక్కువుంటాయి. ఇటాలియన్ కార్లన్నీ మిల్లీమీటర్ లెక్క. 17 మిల్లీమీటర్ల నట్టుకి 11/16 ఇంచీ స్పానర్ పడుతుంది, కానీ దాని వెడల్పు దాదాపు 17.5 మిల్లీమీటర్లు, గట్టిగా లాగితే మూలలు అరిగి నట్టు గుండ్రంగా తయారవుతుంది. మీరు వెళ్లేసరికి ఆయన ఏ స్పానర్ చేతికి తీసుకుంటున్నారో చూడండి.

ఎక్కడ వెతకాలి అంటే, మెకానిక్ షెడ్ల దగ్గర కంటే లేత్ షాపుల దగ్గర మొదలుపెట్టమంటాను. గాజువాక ఆటోనగర్‌లో, మర్రిపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు, సిలిండర్ హెడ్ ఫేసింగ్ కొట్టేవాళ్లు (ఇంజన్ పై మూతని చదును చేసేవాళ్లు), రీబోరింగ్ చేసేవాళ్లు (అరిగిన సిలిండర్‌ని మళ్లీ తొలిచేవాళ్లు) ఉంటారు. ఊళ్లో ఎవరి పని ఎలాంటిదో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే అందరూ విప్పిన సామాను వాళ్ల బల్ల మీదకే వస్తుంది. ఎవరు హెడ్డు శుభ్రంగా కడిగి గుడ్డలో చుట్టి తెస్తారు, ఎవరు ఉలి పెట్టి గాస్కెట్ గీకి అల్యూమినియం మీద గాట్లు పెట్టి తెస్తారు, వాళ్లు కళ్లారా చూస్తారు. "మీ సొంత బండి ఇంజన్ విప్పాలంటే ఎవరికిస్తారు?" అని అడగండి. నాకు ముగ్గురు లేత్ వాళ్లలో ఇద్దరు ఒకే పేరు చెప్పారు, కంచరపాలెం వైపు చిన్న షెడ్డు, పైన రేకులు, బోర్డు కూడా లేదు.

షిప్‌యార్డ్, డాక్‌యార్డ్, పోర్టు, స్టీల్ ప్లాంట్, వీటిల్లో ఫిట్టర్లుగా చేసి రిటైరైనవాళ్లు మన ఊళ్లో వీధికొకరు ఉంటారు, అది వైజాగ్‌కున్న అదృష్టం. వాళ్లందరూ కారు మెకానిక్కులు కారు, అయినా మైక్రోమీటర్ పట్టుకోవడం తెలిసిన మనుషులు, వాళ్ల పాత స్కూటర్ ఎవరికిస్తారో అడిగినా మంచి దారే దొరుకుతుంది. పాత ఫియట్ ఇంకా షెడ్డులో పెట్టుకున్న డాక్టరుగారో లాయరుగారో మీ వీధిలో ఉంటే నేరుగా వెళ్లి తలుపు తట్టండి, పాత కారున్నవాళ్లు పాత కారు గురించి మాట్లాడటానికి ఎప్పుడూ విసుక్కోరు.

షెడ్డు దొరికాక మొదటి రోజు కారు తీసుకెళ్లకండి. ఊరికే వెళ్లి ఒక గంట కూర్చోండి, టీ తాగండి, చూడండి. ఆ కంచరపాలెం షెడ్డు మెకానిక్ దగ్గరికి (నేను ఆయన్ని బాబాయ్ అంటాను) వెళ్లిన రోజు ఆయన ఎవరిదో పాత జీపుకి టైమింగ్ కవర్ విప్పుతున్నారు. ఒక అట్టపెట్టె ముక్క తీసుకుని, దాని మీద ఆ కవర్ ఆకారం బొగ్గుతో గీసి, బోల్టులు ఎక్కడెక్కడున్నాయో అక్కడ స్క్రూడ్రైవర్‌తో కన్నాలు పొడిచి, విప్పిన ప్రతి బోల్టునీ దాని కన్నంలోనే గుచ్చారు. పొడుగు బోల్టు ఏది, పొట్టిది ఏది అనే గొడవే లేదు. పొడుగు బోల్టుని పొట్టి కన్నంలో బిగిస్తే లోపల అల్యూమినియం పగులుతుంది, అది ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు అక్కడే సగం నమ్మకం కుదిరింది.

మిగతా సగం కోసం కొన్ని ప్రశ్నలు అడగాలి, పరీక్ష పెడుతున్నట్టు కాకుండా మామూలుగా. కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న కన్నాల ముక్కల్ని, అంటే జెట్లని, ఎలా శుభ్రం చేస్తారు అని అడగండి. వెబర్ కార్బురేటర్ జెట్టు మెత్తటి ఇత్తడి, దాని మీద చెక్కిన అంకె కన్నం కొలత, 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. తీగ పెట్టి పొడిస్తే ఆ కొలత పోతుంది, ఇక జన్మలో ట్యూనింగ్ కుదరదు. పెట్రోల్‌లో నానబెట్టి గాలి కొడతాను అనేవాడు సరైనవాడు. నా కారుని అంతకుముందు ఒక షెడ్డులో ఇచ్చినప్పుడు సరిగ్గా ఇదే చేశారు, తీగతో పొడిచారు. ఆర్నెల్లపాటు బండి నల్లపొగ కక్కుతుంటే ప్లగ్గులు మార్చుకుంటూ, టెన్షన్ పడుతూ తిరిగాను, చివరికి కొత్త జెట్లు ఇటలీ నుంచి తెప్పించాల్సి వచ్చింది. చెప్పుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పాయింట్ల గ్యాప్ ఎంత పెడతారు, దేంతో కొలుస్తారు అని అడగండి. ఈ ఫియట్లకు 0.4 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అంకె ఆయనకు గుర్తుండనక్కర్లేదు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టెలోంచి తీసి చూపిస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైంది టైమింగ్ బెల్టు. ఈ ఇంజన్‌ని గీసింది అంతకుముందు ఫెరారీలో పనిచేసిన ఔరేలియో లాంప్రెడి, పైన వాల్వులు తెరిచే రెండు క్యామ్ షాఫ్టులు, వాటిని తిప్పడానికి చైను బదులు పళ్ల బెల్టు, 1966లో అది చాలా కొత్త సంగతి. ఆ బెల్టు రెండు క్యాములతోపాటు కింద ఇంకో చిన్న షాఫ్టుని కూడా తిప్పుతుంది, ఆయిల్ పంపు నడిచేది దాంతోనే. చాలామంది బెల్టు ఎక్కించేటప్పుడు పై రెండు క్యాముల గుర్తులూ కలిపి, కింది షాఫ్టు ఎలా తిరిగితే ఏంటిలే అని వదిలేస్తారు. కార్బురేటర్ ఇంజన్లలో పెట్రోల్ పంపుని కొట్టే ఉబ్బు ఆ షాఫ్టు మీదే ఉంటుంది, గుర్తు తప్పితే అది లోపల పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్‌కి తగలొచ్చు. అందుకని వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఆ పేజీని పెద్ద సైజులో ప్రింట్ తీయించి, అంకెలున్న చోట తెలుగులో రాసి, మెకానిక్ ముందు పెట్టండి. ఇక్కడే మనిషి తెలిసిపోతాడు. "ఇవన్నీ మాకెందుకు బాబూ, ముప్పై ఏళ్లుగా చేస్తున్నాం" అని పక్కన పెట్టేస్తే, నమస్కారం పెట్టి వచ్చేయండి. మా బాబాయ్ కళ్లద్దాలు తెప్పించుకుని, కాగితం గోడకు మేకు కొట్టి తగిలించి, "ఈ మూడో గుర్తు ఏటిది?" అని అడిగారు.

"ఈ ఇంజన్‌తో వేగలేం, మారుతి ఇంజన్ ఎక్కించేద్దాం, మైలేజీ కూడా వస్తది" అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. ఒప్పుకోకండి. మనసు ఒప్పుకోకపోవడం ఒక కారణం, రెండోది చట్టం. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది, నంబర్ ప్లేటులో వీఏ అని వస్తుంది, కొత్తగా చేయించుకుంటే ఫీజు ₹20,000, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకు ₹5,000. కానీ ఇంజన్‌గానీ ఛాసిస్‌గానీ బాడీగానీ మార్చేస్తే ఆ అర్హత ఉండదు. ఒక్క మధ్యాహ్నం తొందరపాటుతో ఆ దారి మూసుకుపోతుంది.

మొదటి పనిగా ఇంజన్ ఇవ్వొద్దు. ఆయిల్ మార్పు, ప్లగ్గులు, పాయింట్లు, పెట్రోల్ గొట్టాలు, ఇంతవరకే ఇవ్వండి. గొట్టాలు ఎలాగూ మార్చాల్సిందే, ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు తట్టుకోదు, ఉబ్బి పగులుతుంది, వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కార్బురేటర్ డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) కూడా అదే బాపతు. ఈ చిన్న పనిలో ఆయన పాత సామాను సంచిలో కట్టి తిరిగిస్తున్నారా, చెప్పిన రోజుకి కాకపోయినా ఆలస్యమవుతుందని ముందే ఫోన్ చేస్తున్నారా, మీరు అడగనిది కూడా చూసి చెప్తున్నారా, గమనించండి. స్పైడర్‌కి ముందు వైపు ఇంజన్ కింద ఉండే అడ్డ దూలం పగుళ్లు రావడం పాత జబ్బు. బండి కిందకి దూరినప్పుడు, మనం చెప్పకుండానే అక్కడ టార్చి వేసి చూసినాయన అయితే ఇక వదలకండి.

డబ్బు సంగతి. సామాను మీరే తెప్పించండి, విదేశం నుంచి వచ్చేవాటికి కస్టమ్స్ పడుతుంది, ఆ రసీదులన్నీ మీ దగ్గరుంటే ఎవరికీ ఎవరిమీదా అనుమానం ఉండదు. లేబర్ రోజు లెక్కన మాట్లాడుకోండి. మొత్తం పనికి ఇంత అని గుత్తకి ఇస్తే, ఎంత మంచి మనిషైనా చివరి రెండు రోజులు తొందరపడతాడు, ఆ చివరి రెండు రోజుల్లోనే ట్యాపెట్ గ్యాప్ కొలవాలి. ఈ ఇంజన్‌లో స్క్రూ తిప్పితే సరిపోదు, మందం కొలిచిన బిళ్లలు మార్చి సరిచేయాలి, ఎనిమిది వాల్వులకూ ఒక్కొక్కటిగా, ఇంజన్ చల్లారాక. అది కూర్చుని ఓపిగ్గా చేసే పని, ఆ ఓపికకి డబ్బులివ్వాలి, బేరమాడకండి.

తుప్పు గురించి వేరుగా చెప్పాలి. ఆ కాలం ఫియట్ల రేకు అసలే తొందరగా తుప్పు పడుతుంది, పైగా మనది సముద్రపు గాలి. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఇల్లుంటే మరీను. మెకానిక్ వేరు, టింకరింగ్ (రేకు పని) చేసేవాడు వేరు, ఎలక్ట్రీషియన్ వేరు, ముగ్గురూ ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకుండా ఉండాలంటే మీ మెకానిక్‌నే పెద్దదిక్కుగా పెట్టుకుని మిగతా ఇద్దర్నీ ఆయన్నే చూపించమనండి. టింకరింగ్ చోట మాత్రం అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. అది అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది.

పని అయ్యాక మొదటి ప్రయాణానికి మెకానిక్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టుకోండి. ముందు ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో సాయంత్రం పూట ఒక అరగంట, టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడటానికి. తర్వాత సింహాచలం ఘాట్ ఎక్కండి, బ్రేకులూ కూలింగూ రెండూ అక్కడ తేలిపోతాయి. రెండూ బాగుంటే ఒక ఆదివారం పొద్దున్నే ఎండ ముదరకముందు బీచ్ రోడ్డున భీమిలి దాకా వెళ్లిరండి. మా బాబాయ్ రుషికొండ దాటాక రేడియో ఆపమని, కళ్లు మూసుకుని కూర్చున్నారు, నిద్రపోయారనుకున్నాను, "మూడో వాల్వు కొంచెం మాట్లాడుతోంది, రేపు తెచ్చేయ్" అన్నారు.

ఇంటికి రాగానే కారు కింద పెద్ద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న మచ్చలు ఎక్కడ పడ్డాయో, నల్లగా ఉన్నాయా, ఎర్రగా ఉన్నాయా, నీళ్లలా ఉన్నాయా చూసి, అట్ట ఏ వైపు ఇంజన్ కిందుందో పెన్నుతో రాసి, ఫోటో తీసి ఆయనకు పంపండి.