నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్‌కి కొత్త ఇయర్ ప్యాడ్లు వేసుకోవడం

హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టగానే చెవుల చుట్టూ నల్ల పొట్టు అంటుకుని కనిపిస్తోందంటే ప్యాడ్ల పని అయిపోయినట్టే. అంతమాత్రానికి హెడ్‌ఫోన్స్ మొత్తం మార్చేయక్కర్లేదు, లోపలి స్పీకర్లు, మైకులు అప్పటికీ బాగానే ఉంటాయి. చాలా మోడళ్లలో ప్యాడ్ పైన ఉండేది అసలు తోలు కాదు, పల్చటి బట్ట మీద వేసిన పాలీయురెథేన్ పూత. చెమట, తేమ, వేడి, తలనూనె తగిలి తగిలి ఆ పూత విడిపోయి పెచ్చులుగా ఊడుతుంది. వాడకుండా డబ్బాలో దాచినా గాలిలోని తేమ దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది, కాబట్టి ఎప్పటికైనా పనికొస్తాయని నాలుగు జతలు ఒకేసారి కొని పెట్టుకోవడం దండగ.

మామూలు హెడ్‌ఫోన్స్‌కైతే మెత్తగా ఉండే ఏ ప్యాడ్ వేసినా పెద్దగా ప్రమాదం లేదు, మహా అయితే సౌండ్ కొంచెం మారుతుంది. నాయిస్ క్యాన్సిలింగ్ వాటికి అలా కుదరదు. వీటిలో చాలావాటికి చెవి మీద కూర్చునే కప్పు బయట ఒక మైక్, లోపల స్పీకర్ ముందు ఇంకో మైక్ ఉంటాయి. బయటి మోత ఎంత లోపలికి చేరిందో ఆ లోపలి మైక్ వింటుంది, దాన్ని బట్టి సర్క్యూట్ ఎదురు శబ్దం పుట్టించి మోతను కొట్టేస్తుంది. ప్యాడ్ మందం ఇంత, చెవి చుట్టూ గాలి ఇంత, ఎక్కడా సందు లేదు అన్న ఊహతోనే కంపెనీ వాళ్లు ఈ లెక్కంతా కట్టారు. మీరు వేసిన ప్యాడ్ పక్కన సన్నటి సందు ఉన్నా ఇంజిన్ హోరు, ఫ్యాన్ గుయ్ లాంటి లో ఫ్రీక్వెన్సీ చప్పుళ్లు దాంట్లోంచి దూరిపోతాయి, పాటలో బేస్ కూడా అందులోంచే కారిపోతుంది. అంటే ఇక్కడ ప్యాడ్ మెత్తదనం కన్నా గాలి ఆడకపోవడం ముఖ్యం.

కొనేటప్పుడు ఈ విషయం గుర్తు పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. వెల్వెట్ లాంటి బట్ట ప్యాడ్లు చెమట పట్టవు, చెవికి హాయిగా ఉంటాయి, నిజమే, కానీ వాటిలోంచి గాలి పోతుంది కాబట్టి క్యాన్సిలింగ్ బలహీనపడుతుంది. బాగా మందంగా, ఉబ్బుగా ఉండేవి చూడటానికి సోఫాలా ఊరిస్తాయి, కానీ అవి చెవిని స్పీకర్ నుంచి దూరం జరుపుతాయి, పాట పల్చబడుతుంది. నా ఓటు మాత్రం ఎప్పుడూ ఒరిజినల్ ప్యాడ్‌కే, అది దొరక్కపోతే అదే మందం, అదే ఆకారం, పైన తోలులాంటి పూత ఉన్నదానికి. మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా చూసుకోండి, సాధారణంగా హెడ్‌బ్యాండ్ లోపలివైపో కప్పు దగ్గరో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సోనీ ఎక్స్‌ఎం3, ఎక్స్‌ఎం4 పైకి అన్నదమ్ముల్లా కనిపిస్తాయి కదా అని ఒకదాని ప్యాడ్ ఇంకోదానికి తెప్పించకండి. ఒక్క ప్యాడే చినిగినా రెండూ కలిపే మార్చండి, అణిగిపోయిన పాతది ఒకవైపు, ఉబ్బిన కొత్తది ఇంకోవైపు ఉంటే రెండు చెవులకీ సౌండ్ ఒకేలా రాదు.

ఇక పనిముట్లు. పల్చటి ప్లాస్టిక్ ముక్క ఏదైనా చాలు, పాత ప్లాస్టిక్ కార్డో, గిటార్ పిక్కో, ఫోన్లు విప్పే ప్లాస్టిక్ పుల్లో. ఇనుప స్క్రూడ్రైవర్, కత్తి మాత్రం వద్దు. కప్పు మీద గీతలు పడటం అటుంచండి, స్పీకర్‌లో గట్టి అయస్కాంతం ఉంటుంది, స్క్రూడ్రైవర్ మొనను అది సర్రున లాగేసుకుందంటే పల్చటి పొర చిరిగిపోతుంది, ఆ తర్వాత ప్యాడ్ల సంగతి ఎవరికి కావాలి. పని మొదలుపెట్టే ముందు హెడ్‌ఫోన్స్ ఆఫ్ చేసి, ఛార్జింగ్ వైరు తీసేసి, మెత్తటి గుడ్డ మీద పెట్టుకోండి. ముందు ఒకవైపే విప్పండి, రెండోది ఎలా ఉందో చూసుకుంటూ బిగించుకోవచ్చు.

విప్పే పద్ధతి మోడల్‌ని బట్టి ఉంటుంది. ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్‌కి అయస్కాంతాలే, పట్టుకుని లాగితే వచ్చేస్తుంది, అక్కడితో అవి ఉన్నవాళ్ల కథ ముగిసింది. బోస్ క్యూసీ35 లాంటివాటికి ప్యాడ్ అడుగున ప్లాస్టిక్ అంచు ఉంటుంది, దాని నాలుకలు కప్పు అంచు కింద దూరి పట్టుకుంటాయి. ప్యాడ్ లోపలి అంచు కిందికి వేళ్లు పోనిచ్చి ఒక మూల నుంచి నెమ్మదిగా ఎత్తుకుంటూ వెళ్తే టక్ టక్ మని ఒక్కోటీ వదులుతుంది. సోనీ 1000ఎక్స్ సిరీస్‌లో (ఎక్స్‌ఎం3, ఎక్స్‌ఎం4 ఇందులోవే) ప్యాడ్‌కీ కప్పుకీ మధ్య సన్నటి గీత కనిపిస్తుంది, అందులో ప్లాస్టిక్ ముక్క పెట్టి కొంచెం తిప్పితే మొదటి లాక్ ఊడుతుంది, మిగతావి దాని వెంటే వస్తాయి. కొన్ని కొత్త ప్యాడ్లు అడుగున ఉండే ప్లాస్టిక్ రింగుతో సహా వస్తాయి, కొన్నిటికి రింగు ఉండదు, అప్పుడు పాత ప్యాడ్ నుంచి రింగు ఒలిచి కొత్తదానికి తొడగాలి, కాబట్టి పాతవాటిని అప్పుడే చెత్తబుట్టలో వేయకండి. కొన్ని మోడళ్లలో జిగురుతో అతికిస్తారు. వాటిని బలంగా పీకకుండా హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద దూరం నుంచి కాసేపు పట్టి, జిగురు మెత్తబడ్డాక నెమ్మదిగా లాగండి. కప్పు అంచు చుట్టూ గాడి మాత్రమే ఉండి, ప్యాడ్ వెనక తోలు అంచు సాగదీసి అందులో దూర్చే రకం ఇంకోటి ఉంది. తీయడం తేలికే, వేయడానికే ఓపిక కావాలి, కింద నుంచి మొదలుపెట్టి బొటనవేళ్లతో కొంచెం కొంచెం లోపలికి నెట్టుకుంటూ చుట్టూ తిరగాలి.

ప్యాడ్ ఊడాక స్పీకర్ మీద బట్టో స్పాంజో కనిపిస్తుంది, బోస్ వాటిలో ఎల్, ఆర్ అని పెద్ద అక్షరాలు ఉండేది ఇదే. కొత్త ప్యాడ్లతో పాటు ఇది కూడా వస్తే మార్చండి, రాకపోతే పాతది జాగ్రత్తగా తిరిగి పెట్టండి. ఇది లేకుండా బిగిస్తే దుమ్ము, వెంట్రుకలు నేరుగా స్పీకర్ మీద పడతాయి.

రాలిన పొట్టును మెత్తటి బ్రష్‌తో కప్పు బయటికి తోసి, మిగిలింది టేపు అద్ది తీసేయండి. ఎయిర్ స్ప్రే కొట్టకండి, నోటితో ఊదకండి, పల్చటి పొర దెబ్బతింటుంది. జిగురు మరకలుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన ఇయర్ బడ్‌తో ప్లాస్టిక్ అంచును మాత్రమే తుడవండి, స్పీకర్ వైపు చుక్క కూడా పోకూడదు. ఇక్కడ బద్ధకించకండి. అంచు మీద చిన్న జిగురు ముద్ద మిగిలినా కొత్త ప్యాడ్ ఆ చోట పైకి లేచి ఉంటుంది, మనం ఇంత తంటాలు పడేది ఆ సందు లేకుండా చేయడానికే.

బిగించేటప్పుడు ముందు ఎడమ, కుడి చూసుకోండి. చాలా ప్యాడ్లు అటూఇటూ ఒకేలా ఉండవు, వెనకవైపు కాస్త మందంగా ఉంటాయి. లాకులు వాటి గాళ్లలోకి సరిగ్గా వచ్చాయా లేదా చూసి, అప్పుడు చుట్టూ వేలితో నొక్కుతూ వెళ్లండి, ఒక్కో లాక్ దగ్గరా టక్ మనాలి. శబ్దం రాని చోట బలం పెంచకండి, తీసి మళ్లీ పెట్టండి, విరిగిన లాక్‌కి మందు లేదు. ఎక్స్‌ఎం4లో ఎడమ కప్పు లోపల చిన్న సెన్సర్ ఉంటుంది, హెడ్‌ఫోన్స్ తీయగానే పాట ఆగేది దానివల్లే, కొత్త ప్యాడ్ బట్ట దానికి అడ్డంగా మడత పడకుండా చూడండి.

ఇప్పుడు పరీక్ష. ఫ్యానో ఏసీయో నడుస్తున్న గదిలో క్యాన్సిలింగ్ ఆన్ చేసి, పాటేమీ పెట్టకుండా ఊరికే వినండి. రెండు అరచేతులతో కప్పులను చెవులకేసి మెల్లగా అదమండి. అదిమినప్పుడు నిశ్శబ్దం బాగా పెరిగిందంటే ఎక్కడో సందు ఉన్నట్టే. ఏ వైపు అని తేల్చుకోవడానికి ఒక్కో కప్పూ విడిగా అదిమి చూడండి, ఆ వైపు ప్యాడ్ తీసి లాకులు మళ్లీ సరిచూడండి. కూత, గురగుర లాంటిది వినిపిస్తే అది కూడా చాలావరకు ప్యాడ్ సరిగా కూర్చోకపోవడమే. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఒకసారి అది తీసి కూడా పరీక్షించండి, కాడల దగ్గర కొంత గాలి పోవడం ఎలాగూ ఉంటుంది, ఆ తప్పు ప్యాడ్ మీద వేయకూడదు.

సోనీ ఎక్స్‌ఎం3, ఎక్స్‌ఎం4 ఉన్నవాళ్లు ఆప్టిమైజర్ ఒకసారి నడపండి, క్యాన్సిలింగ్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నా, యాప్‌లోంచైనా మొదలవుతుంది. అప్పుడు కొన్ని టోన్లు మోగించి మీ తలకు ఎలా అమరిందో చూసుకుని సర్దుకుంటుంది. కొత్త ఫోమ్ మొదట్లో కాస్త బిర్రుగా ఉంటుంది, వాడగా వాడగా తల ఆకారానికి అణుగుతుంది, అలా అణిగాక ఆప్టిమైజర్ మళ్లీ ఒకసారి నడిపితే మంచిది. చెమట పట్టినప్పుడల్లా పొడిగుడ్డతో తుడవండి, ఎండలో, కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేయకండి. శానిటైజర్, స్పిరిట్ ప్యాడ్ల మీద రాయకండి, ఆ పూత ఇంకా త్వరగా బిరుసెక్కి పగులుతుంది.