నొప్పి ఒకచోట, బిగుతు ఇంకోచోట

మార్చి నెలాఖరు. అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకి ఆ పదిహేను రోజులు ఎలా గడుస్తాయో చెప్పక్కర్లేదు. రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే, వంటింట్లోంచి వచ్చిన అమ్మ కాసేపు నన్నే చూసి, "ఏంట్రా ఆ భుజాలు చెవుల దాకా లాక్కున్నావు, చలేస్తోందా?" అంది. విజయవాడలో, మార్చి నెలలో చలి! భుజాలు కిందికి దించాను. ఫోన్ పెట్టేసేలోపు మళ్లీ పైకెళ్లిపోయాయి.

అప్పటికి మూడు నెలలుగా కుడి భుజం రెక్క పైమూలన గోలీకాయంత ముడి. రోజూ బామ్ రాయడం, ఉప్పు మూటతో కాపడం పెట్టుకోవడం, మరీ పట్టేస్తే ఒక మాత్ర. ఒకసారైతే సెలూన్‌లో కటింగ్ అయ్యాక తల మసాజ్ చేస్తూ చేస్తూ, చెప్పాపెట్టకుండా మెడని టక్కున తిప్పేశాడు. ఆ క్షణానికి హాయిగానే ఉంది కానీ మర్నాడు పొద్దున బండి మీద పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చింది. మెడ ఎవరితోనూ అలా విరిపించుకోకండి. అరుదే అయినా, అలా ఒక్కసారిగా తిప్పినప్పుడు మెదడుకి వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చినవాళ్లు ఉన్నారు.

సరే, నేను చేసిన అసలు పొరపాటు ఏంటంటే, నొప్పి ఎక్కడుంటే అక్కడే రుద్దుకోవడం. కండరాలు జంటల్లో పనిచేస్తాయి. మోచెయ్యి మడిస్తే ముందు కండ బిగుస్తుంది, వెనక కండ వదులవుతుంది. ఇప్పుడు రోజుకి ఎనిమిది గంటలు చేతులు ముందుకి చాపి కీబోర్డు మీద పెట్టి కూర్చుంటే, ఛాతీ ముందు కండరాలు ఆ పొట్టి కొలతకే అలవాటు పడతాయి. వీపు కండరాలేమో సాగదీసినట్టే ఉండి, తల ముందుకి వాలిపోకుండా లాగి పట్టుకుని పట్టుకుని అలిసిపోతాయి. తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు ఉంటుంది. ఫోన్ చూడటానికి 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలని 2014లో ఒక అమెరికన్ సర్జన్ లెక్కగట్టాడు (అది కంప్యూటర్ లెక్కే, మనుషుల మీద కొలిచింది కాదు, అయినా సంగతి అర్థమవుతుంది). అలిసినది అరుస్తుంది, బిగుసుకున్నది నోరెత్తదు. నవారు మంచం ఒకపక్క లాగి కట్టి ఇంకోపక్క వదులుగా వదిలేస్తే, వదులైన వైపు పట్టుకుని ఎంత పీకినా మంచం సరికాదు కదా, ఇదీ అంతే. బిగుసుకున్నదాన్ని వదిలించి, బద్ధకించినదాన్ని లేపి రెండిటినీ సమానం చెయ్యడాన్నే మజిల్ బ్యాలెన్సింగ్ అంటారు.

దీన్ని పద్ధతిగా గమనించి చెప్పింది చెక్ డాక్టరు వ్లాదిమిర్ యాండా. మనిషిని పక్కనుంచి చూస్తే ఛాతీ, మెడ వెనక భాగం బిగుసుకుని ఒక గీత మీద ఉంటాయి. మెడ ముందు లోపలి కండరాలు, భుజం రెక్కల కింది కండరాలు బద్ధకించి ఇంకో గీత మీద ఉంటాయి. రెండు గీతలూ కలిస్తే ఇంటూ గుర్తు, అందుకే దానికి అప్పర్ క్రాస్డ్ సిండ్రోమ్ అని పేరు. నడుము దగ్గరా ఇలాంటి ఇంటూ ఇంకోటుంది. అలాగని వంగి కూర్చున్న ప్రతివాడికీ నొప్పి రాదు, గూని వీపుతో హాయిగా ఉన్నవాళ్లు నాకే బోలెడుమంది తెలుసు. కదలకుండా ఒకే తీరులో గంటలకొద్దీ ఉండటం, దానికి టెన్షన్ తోడవడం, ఈ రెండూ కలిసినప్పుడే ఎక్కువగా బాధ. టెన్షన్ పడితే భుజాలెందుకు లేస్తాయంటే, ఏదో మీద పడబోతోందని శరీరం మెడని కాచుకుంటుంది. మేనేజర్ ఫోనుకీ మీద పడే దున్నపోతుకీ దానికి తేడా తెలియదు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఛాతీలో నొప్పి వచ్చి దవడకో ఎడమ చేతికో పాకుతుంటే, జ్వరంతో మెడ బిర్రబిగిస్తే, చెయ్యీ కాలూ పట్టు తప్పుతుంటే, తొడల మధ్య తిమ్మిరెక్కి ఒంటికి రెంటికి తెలియకుండా పోతుంటే, కింద పడ్డాక లేదా బండి ప్రమాదం తర్వాత మొదలైతే, రాత్రిళ్లు పడుకున్నా తగ్గని నొప్పితో పాటు ఊరికే బరువు తగ్గిపోతుంటే, ఇవేవీ మనం ఇంట్లో చూసుకునేవి కావు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి. ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు బంతితో గట్టిగా నొక్కుకోకూడదు. గర్భిణులు కూడా అడిగే చెయ్యాలి.

ముందు ఎక్కడ బిగుతో చూసుకోండి. నేల మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని చేతులు పక్కన వదిలేయండి. భుజాల వెనక భాగం చాపకి తగులుతోందా, పైకి లేచి ఉందా? బాగా లేచి ఉంటే ఛాతీ బిగుసుకుని ఉండొచ్చు. తర్వాత గోడకి వీపు ఆనించి, మడమలు గోడకి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి నిలబడి, గడ్డం పైకెత్తకుండా తల వెనక భాగం గోడకి తగిలించండి. నాకు నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉండేది.

కావాల్సిన సామాను ఒక టెన్నిస్ బంతి. సందుల్లో పిల్లలు క్రికెట్ ఆడేదే, పాతదైతే ఇంకా మేలు, కొత్తది మరీ గట్టిగా ఉంటుంది. గోడకి ఎదురుగా నిలబడి, కాలర్ బోన్‌కి రెండు మూడు వేళ్ల కింద, భుజం వైపున్న మెత్తటి కండ మీద బంతి పెట్టి, దాన్ని గోడకేసి ఒత్తుతూ వాలండి. మెల్లగా అటూ ఇటూ దొర్లిస్తే ఒకచోట "అమ్మో" అనిపిస్తుంది. అక్కడ ఆపండి. నొప్పి పదికి ఐదారు దాటకూడదు, పళ్లు బిగపట్టాల్సి వస్తోందంటే ఎక్కువ నొక్కుతున్నట్టే. అలాగే ఆగి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ముప్పై సెకన్లు గడిచేసరికి, మహా అయితే నిమిషానికి, ఆ పోటు మెల్లగా కరిగినట్టవుతుంది. కరక్కపోతే వదిలేసి మర్నాడు చూడండి. చంకలో నొక్కకండి, అక్కడ నరాలుంటాయి. మెడ ముందు భాగం జోలికి అసలు వెళ్లొద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఈ ఛాతీ బంతి వద్దు.

మొదటిసారి ఇది చేసినప్పుడు నాకు నవ్వొచ్చింది. మూడు నెలలు వీపు రుద్దుకున్నాను, అసలు పోటు ముందు ఉంది.

బంతి పక్కన పెట్టి గుమ్మం దగ్గరికి వెళ్లండి. మోచెయ్యి భుజం ఎత్తున ద్వారబంధానికి ఆనించి, అదే వైపు కాలు ఒకడుగు ముందుకేసి, ఛాతీ సాగినట్టు అనిపించేదాకా మెల్లగా ముందుకి వాలండి. ముప్పై సెకన్లు, ఒక్కో వైపు రెండు మూడుసార్లు. నడుం వెనక్కి వంచి మోసం చెయ్యడం అందరికీ అలవాటే, పొట్ట కొంచెం లోపలికి పెట్టుకుంటే ఆ పని చెయ్యలేరు.

ఇక మెడ. ఇక్కడ ఒక చిన్న కిటుకుంది. బిగుసుకున్న కండరాన్ని ఊరికే లాగితే ఎదురు తిరుగుతుంది. అదే కండరాన్ని ముందు కాసేపు సున్నితంగా పనిచేయించి, తర్వాత వదిలేయమంటే వదులుతుంది. కారెల్ లెవిట్ అనే ఇంకో చెక్ డాక్టర్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. కుర్చీలో కూర్చుని కుడి చేత్తో కుర్చీ అంచు పట్టుకోండి, అప్పుడు కుడి భుజం లేవదు. ఎడమ చెయ్యి తల మీదుగా తెచ్చి, తలని ఎడమ వైపుకి, ఇక చాలు అనిపించేదాకా వంచండి. లాగొద్దు, చేతి బరువు చాలు. ఇప్పుడు ఊపిరి తీసుకుంటూ తలతో ఆ చేతిని కుడివైపుకి తొయ్యండి, చెయ్యి కదలనివ్వదు. ఎంత బలం అంటే, గుడ్డు పగలనంత. ఎనిమిది, పది సెకన్లు. ఊపిరి వదులుతూ తొయ్యడం ఆపేయండి. తల దానంతటదే ఇంకో అర అంగుళం కిందికి జారుతుంది, అది తెలిసిపోతుంది మీకు. ఇలా మూడుసార్లు, తర్వాత రెండో వైపు. ముక్కుని, తల వంచిన వైపు చంక దిక్కుకి తిప్పి ఇదే చేస్తే భుజం రెక్క పైమూలకి అతుక్కున్న కండరం దొరుకుతుంది. నా గోలీకాయ ఉన్నది అందులోనే. కళ్లు తిరిగినట్టున్నా, చేతిలోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా ఆపేయండి.

తలనొప్పి కూడా ఉంటే రెండు టెన్నిస్ బంతులు ఒక సాక్సులో వేసి ముడేసి, వెల్లకిలా పడుకుని, పుర్రె అడుగున మెడ మొదలయ్యే చోట పెట్టుకుని రెండు మూడు నిమిషాలు తల బరువు వదిలేయండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రెండ్రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మామూలే, "ఇదంతా టైంపాస్" అని మళ్లీ బామ్ డబ్బా తీస్తారు. బిగుసుకున్నదాన్ని వదిలించాక బద్ధకించినదాన్ని లేపాలి, అసలు సగం పని అదే. చాప మీద పడుకుని తల కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకోండి. అవునన్నట్టు గడ్డం కొద్దిగా, చాలా కొద్దిగా కిందికి దించండి, తల తువ్వాలు మీంచి లేవకూడదు. మెడ వెనక పొడుగైనట్టు ఉంటుంది. పది సెకన్లు ఆపి వదలండి, పదిసార్లు. చూడ్డానికి ఇది ఎక్సర్‌సైజ్‌లాగే ఉండదు, ఆరోసారికి మెడ లోపల వణుకుతుంది. తర్వాత బోర్లా పడుకుని, నుదురు తువ్వాలు మీద పెట్టి, చేతులు తలకి రెండు వైపులా వై ఆకారంలో చాపి, బొటనవేళ్లు పైకి పెట్టి, చేతులు నేల మీంచి జానెడు లేపండి. మెడ బిగించకుండా, భుజం రెక్కలు వెనక జేబుల్లోకి జారుతున్నట్టు. ఎనిమిది పదిసార్లు చాలు.

నడుముకీ ఇదే లెక్క కాబట్టి గబగబా చెప్పేస్తాను. కూర్చుని కూర్చుని తొడ మొదట్లో, గజ్జల దగ్గరి కండరాలు పొట్టిబడతాయి, పిరుదులు నిద్రపోతాయి, వాటి పని కూడా నడుమే చేస్తుంది. మంచం అంచున కూర్చుని, వెనక్కి పడుకుని, ఒక మోకాలు రెండు చేతులతో ఛాతీకి హత్తుకోండి. రెండో తొడ మంచం మీంచి పైకి లేస్తోందా? లేస్తే బిగుతు అక్కడుంది. మంచం దిగి, ఆ వైపు మోకాలు నేల మీద వేసిన దిండుకి ఆనించి, రెండో పాదం ముందు పెట్టి, ఆనించిన వైపు పిరుదుని గట్టిగా బిగించి కొంచెం ముందుకి జరగండి, ముప్పై సెకన్లు. పిరుదు బిగించకపోతే ఇది పనిచేయదు, నడుం వంగి ఊరుకుంటుంది. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, మడమలతో నేలని తొక్కుతూ నడుం భాగం పైకెత్తండి, పన్నెండుసార్లు, రెండు విడతలు. తొడ వెనక పట్టేస్తుంటే మడమలు కొంచెం దగ్గరికి తెచ్చుకోండి. తొడ వెనక బిగుతుగా ఉందని పొద్దున్నే లేచి వంగి కాలివేళ్లు పట్టుకోవడం మాత్రం నేను మానేశాను, దానివల్ల నా నడుం నొప్పి పెరిగిందే కానీ తగ్గలేదు.

ఇదే మజిల్ బ్యాలెన్సింగ్ పేరుతో ఇంకో విద్య కూడా ఉంది. చెయ్యి చాపమని పైనుంచి నొక్కి, చెయ్యి కిందికి పడిపోతే ఫలానా అవయవంలో శక్తి తగ్గింది అంటారు. 1964లో జార్జ్ గుడ్‌హార్ట్ అనే అమెరికన్ కైరోప్రాక్టర్ (చేతులతో వెన్నెముక సర్దేవాడు) మొదలుపెట్టింది, 1970ల్లో జాన్ థీ దాన్ని ఇళ్లలో చేసుకునేలా మార్చాడు. నొక్కేవాడికి ముందే ఏం తెలియకుండా పెట్టి పరీక్షించినప్పుడు బొమ్మా బొరుసూ వేసినదాని కంటే మెరుగ్గా ఏమీ తేలలేదు. ఎగ్జిబిషన్‌లో చేతికి బ్యాండ్ తొడిగి "చూశారా సార్, బలం పెరిగింది" అనేవాళ్లదీ ఈ కిటుకే. నొక్కుళ్లూ సాగదీయడాల వల్ల వాళ్ల దగ్గర కూడా హాయిగా ఉంటే ఉంటుంది, రోగం కనిపెట్టడం మాత్రం ఆ చేతితో కాదు.

రాత్రి పడుకునేముందు చేసేది ఒకటుంది, టెన్షన్‌కి నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. షికాగో డాక్టర్ ఎడ్మండ్ జేకబ్సన్ దీని మీద 1929లో పుస్తకం రాశాడు. వదులు చెయ్యమంటే మనకి ఎలా చెయ్యాలో తెలియదు కాబట్టి, ముందు బిగించి చూపించాలి అన్నది సూత్రం. పక్క మీద పడుకుని పిడికిళ్లు బిగించండి, ఐదారు సెకన్లు, ఒక్కసారిగా వదిలేయండి, ఇరవై ముప్పై సెకన్లు ఆ వదులుదనాన్ని గమనిస్తూ ఊరుకోండి. తర్వాత భుజాలు చెవుల దాకా (మా అమ్మ పట్టేసింది ఇదే), తర్వాత నుదురు, దవడ, పొట్ట, తొడలు. పిక్కలు మాత్రం మెల్లగా, గట్టిగా బిగిస్తే పట్టేసి లేచి గంతులేస్తారు. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టకండి, సగం బలమే చాలు. శవాసనం వచ్చినవాళ్లకి ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. నేను ఇప్పటికీ తొడల దాకా వెళ్లే రాత్రులు తక్కువ, దవడ దగ్గరే నిద్రపోతాను.

మొత్తం కలిపి ఇరవై నిమిషాలు. వదిలించేవి రోజూ చెయ్యొచ్చు, బలానికి చేసేవి రోజు విడిచి రోజు. మర్నాడు కాస్త తీపు ఉంటే పర్లేదు, నొప్పి మొదటికంటే ఎక్కువై రెండ్రోజులైనా తగ్గకపోతే మోతాదు సగం చెయ్యండి. మూడు నాలుగు వారాలు చేసినా ఏ మార్పూ లేకపోతే ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి. ఆఫీసులో మాత్రం ప్రతి అరగంటకీ లేవండి, మంచినీళ్ల వంకతోనైనా. నాకు గోడకీ తలకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఒక వేలికి రావడానికి రెండున్నర నెలలు పట్టింది, గోలీకాయ మార్చి వస్తే ఇప్పటికీ పలకరిస్తుంది.

బంతులు మాత్రం రెండు మూడు ఎక్కువే కొనుక్కోండి. ఆదివారం పొద్దున వెతికితే నాది ఎప్పుడూ ఇంట్లో ఉండదు, కింద సందులో మా వాడి బౌలింగ్‌లో ఉంటుంది.