కీబోర్డు ఫర్మ్‌వేర్ మార్చే ముందు వెనక్కి వచ్చే దారి చూసుకోండి

విజయవాడ గవర్నర్‌పేటలో గానీ గుంటూరు అరండల్‌పేటలో గానీ డీటీపీ పనిలో ఉన్నవారికి, వేళ్లకు అలవాటైన మీటల అమరిక చెదిరితే ఆ పూట పని సాగదు. కీబోర్డు చిప్‌లో ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. క్యూఎంకే అనే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్‌తో నడిచే కీబోర్డు ఉంటే ఆ అమరికను మనమే తీర్చుకోవచ్చు; మూలకోడ్ అందుబాటులో ఉంటుంది కనుక లోపం కనబడినప్పుడు సరిచేసుకోనూ వచ్చు. అయితే మార్పు ఒక్క మీటకు సంబంధించినదైనా, కొత్త ఫర్మ్‌వేర్ పనిచేయకపోతే పాతదానికి ఎలా తిరిగి వస్తామన్నది ముందే తేల్చుకోవాలి.

ఆ దారి పేరు బూట్‌లోడర్. కొత్త ఫర్మ్‌వేర్‌ను అందుకుని చిప్‌లోకి రాసే చిన్న ప్రోగ్రాం అది. చాలా కీబోర్డుల్లో ఉండే ఏటీమెగా 32యూ4 చిప్‌లో 32 కిలోబైట్ల స్థలం ఉండగా, సాధారణంగా 4 కిలోబైట్లు బూట్‌లోడర్‌కు పోయి 28 మన కోడ్‌కు మిగులుతాయి. ఆర్‌పీ2040 చిప్‌లోనైతే బూట్‌లోడర్ రోమ్‌లో, అంటే చెరపడానికి వీలులేని మెమరీలో, ఉంటుంది. బోర్డు మీది బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే చిప్ ఒక డ్రైవులా కనిపిస్తుంది, యూఎఫ్‌2 రకం ఫర్మ్‌వేర్ ఫైలును అందులోకి కాపీ చేస్తే సరిపోతుంది. కనుక మే నెల ఈదురుగాలులకు ఎక్కింపు మధ్యలో కరెంటు పోయినా, బూట్‌లోడర్ చెక్కుచెదరనంత వరకు కీబోర్డు చచ్చిపోయినట్టు కాదు. అయినా ఆ పనిని బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ మీద చేయడమే మేలు.

ఇక్కడే చాలామంది ఏమరుపాటు పడతారు. బూట్‌లోడర్‌లోకి వెళ్లడానికి అమరికలో ఒక మీట పెట్టుకుని, లేదా ఎస్కేప్ మీట నొక్కి పట్టుకుని కేబుల్ పెట్టే పద్ధతిని నమ్ముకుని, అది చాలనుకుంటారు. ఆ రెండూ ఫర్మ్‌వేర్‌లో భాగాలే. మనం మార్చబోయేది దాన్నే కాబట్టి, కొత్తది పనిచేయనప్పుడు అవి కూడా పనిచేయవు. అందువల్ల ముందుగా కేసు విప్పి, బోర్డు మీద రీసెట్ బటన్ ఎక్కడుందో, బటన్ లేకపోతే ఏ రెండు బిందువులను తాకించాలో చూసి, ఒకసారి వాడి నిర్ధారించుకోవాలి. ఏటీమెగా 32యూ4 చిప్ ఉండే ప్రో మైక్రో బోర్డుల్లో రీసెట్‌ను వెంటవెంటనే రెండుసార్లు తాకించాక బూట్‌లోడర్ దాదాపు 8 సెకన్లే వేచి ఉంటుంది కాబట్టి, ఫర్మ్‌వేర్ ఎక్కించే ఆదేశాన్ని ముందే టైపు చేసి సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ ఆదేశానికీ, తర్వాతి మరమ్మతుకూ పక్కన మామూలు కీబోర్డు ఒకటి ఉండాలన్నది చెప్పనక్కరలేదు.

తర్వాతి జాగ్రత్త పాత స్థితిని దాచుకోవడం. తయారీదారు ఇచ్చిన ఫర్మ్‌వేర్ ఫైలు చేతికి అందే వరకు, ముఖ్యంగా ఆ కీబోర్డు మూలకోడ్ బయటికి రానప్పుడు, దాని మీద వేరే ఫర్మ్‌వేర్ ఎక్కించవద్దు. ఆర్‌పీ2040 అయితే పికోటూల్ అనే ప్రోగ్రాంతో చిప్‌లో ఉన్నదాన్ని చదివి దాచుకోవచ్చు. కంపైల్ చేయకుండానే మీటలు మార్చే వయా అనే ప్రోగ్రాం వాడేవారు తమ అమరికను ఫైలుగా సేవ్ చేసుకోవాలి. అది ఈప్రామ్‌లో, అంటే కరెంటు తీసినా చెరగని చిన్న మెమరీలో, ఉంటుంది. కోడ్‌లో అమరిక మార్చి ఎక్కించినా కీబోర్డులో ఏ మార్పూ కనిపించకపోవడానికి తరచుగా కారణం ఇదే: పాత అమరిక ఈప్రామ్ నుంచి పైకి వస్తూ ఉంటుంది. ఈప్రామ్ చెరిపితే కొత్తది కనబడుతుంది గానీ, సేవ్ చేయని పాతది పోతుంది. ఎస్కేప్ మీట పద్ధతి కూడా ఈప్రామ్‌ను చెరిపేస్తుంది.

విండోస్‌లో జాడిగ్ అనే ప్రోగ్రాం ద్వారా డ్రైవరు మార్చేటప్పుడు కీబోర్డు బూట్‌లోడర్ స్థితిలో ఉందో లేదో కళ్లారా చూసుకోండి. మామూలు స్థితిలో ఉండగా మారిస్తే ఆ కంప్యూటర్ దాన్ని కీబోర్డుగా గుర్తించడం మానేస్తుంది.

కోడ్ ముట్టుకునే ముందు, ఏ మార్పూ లేని మూలకోడ్‌ను ఒకసారి కంపైల్ చేసి, అంటే చిప్‌కు ఎక్కించగల ఫైలుగా మార్చి, ఎక్కించండి. అది పనిచేస్తే పరికరాలన్నీ సరిగ్గా ఉన్నట్టే. ఆ తర్వాత వచ్చే ప్రతి తేడా మన మార్పు వల్లనే అని చెప్పగలం. క్యూఎంకేలో పెద్ద మార్పులు మూడు నెలలకొకసారి, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలాఖరుల్లో ప్రధాన శాఖలోకి, అంటే అందరూ వాడే మూలకోడ్ ప్రతిలోకి, వస్తాయి కనుక, మూలాన్ని తాజా చేయడమూ సొంత మార్పు చేయడమూ ఒకేసారి పెట్టుకోకూడదు.

ఒక్కసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడే లోపాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దీనికి డీబౌన్స్ విలువ, అంటే ఒక నొక్కుడులోని అదురును పట్టించుకోకుండా ఉండే సమయం, పెంచమంటారు. క్యూఎంకేలో అది మామూలుగా 5 మిల్లీసెకన్లు. కానీ ముందు ఆ స్విచ్‌ను వేరే మీటలోకి మార్చి చూడాలి. లోపం స్విచ్ వెంట వెళ్తే అది దుమ్ము చేరినదో అరిగినదో అయిన స్విచ్, దానికి కోడ్‌లో వెతకడం వృథా. లోపం అక్కడే ఉంటే సాకెట్‌నూ టంకాన్నీ పరీక్షించి, ఆ తర్వాతే విలువను కొద్దికొద్దిగా పెంచాలి. ఒక్కసారిగా పెద్ద విలువ పెడితే, వేగంగా టైపు చేసేవారికి మీటలు ఆలస్యంగా స్పందిస్తున్నట్టు తెలుస్తుంది.

తెలుగు అక్షరాలను నేరుగా ఫర్మ్‌వేర్‌లో పెట్టాలనుకునేవారు మరొకటి గమనించాలి. కీబోర్డు పంపేది అక్షరాన్ని కాదు, మీట సంకేతాన్ని. దాన్ని అక్షరంగా మార్చేది కంప్యూటరు. యూనికోడ్ పద్ధతికి విండోస్‌లో విన్‌కంపోజ్, లైనక్స్‌లో ఐబస్ వంటి తోడు ప్రోగ్రాం కావాలి. ‘క్ష’ వంటి సంయుక్తాక్షరానికి మూడు యూనికోడ్ సంకేతాలను వరుసగా పంపాలి. పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని పాత ఫాంట్లతో పని జరిగే చోట ఇది ఉపయోగపడదు. అక్కడ అలవాటైన అమరికకు తగ్గట్టు మీటల స్థానాలు మార్చడమే సరైన దారి.

రెండు ముక్కల కీబోర్డులో రెండు వైపులా ఒకే ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. రెండింటినీ కలుపుతూ టీఆర్‌ఆర్‌ఎస్ తీగ (ఇయర్‌ఫోన్ ప్లగ్ లాంటిది ఉండేది) ఉంటే, యూఎస్‌బీ తీయకుండా దాన్ని పెట్టడం, పీకడం చేయవద్దు. ప్లగ్ జారేటప్పుడు లోపలి కొసలు ఒకదానికొకటి తగిలి విద్యుత్ షార్ట్ అయి చిప్ దెబ్బతినవచ్చు.

మీ సవరణ అందరికీ పనికొచ్చేదైతే, దాన్ని మూల ప్రాజెక్టుకు పంపండి. అందుకు ప్రత్యేక శాఖలో ఒక్క లోపానికి ఒక్క సవరణ మాత్రమే ఉంచి, ఏ బోర్డు మీద, ఏ చిప్ మీద పరీక్షించారో స్పష్టంగా రాయాలి. సొంత అమరికను అందులో కలపకూడదు.