ఆఫీసు చెత్త లెక్క ఏళ్ల తరబడి నిలబడేలా రాయడం ఎలా?

బెంగళూరులో ఏ టెక్ పార్కుకి వెళ్లినా లిఫ్టు పక్కన రీసైక్లింగ్ పోస్టరు ఉంటుంది. బేస్‌మెంట్‌లోకి దిగి తూకం రిజిస్టర్ అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కావలసినవి: ఎలక్ట్రానిక్ కాటా, గీతల రిజిస్టర్, పెన్ను. యాప్ వద్దు. నెట్ పోయిన రోజు లెక్క కూడా పోతుంది. హౌస్‌కీపింగ్ వాళ్లు అనంతపురం, మదనపల్లె వైపు వాళ్లయితే తెలుగులోనే రాయనివ్వండి.

వేరుచేయడం పాత సంగతే. ఆకుపచ్చ డబ్బాలో తడి, ఎర్ర డబ్బాలో రిజెక్ట్ (శానిటరీ ప్యాడ్ల లాంటి, రీసైకిల్ కాని చెత్త), సంచిలో పొడి. ఈ-వేస్ట్, బ్యాటరీలు, జనరేటర్ పాత ఆయిల్‌కి వేరే పేజీలు పెట్టండి. ఖాళీ డబ్బా బరువు డబ్బా మీదే మార్కర్‌తో రాసి, ప్రతి తూకంలో తీసేయండి. సాంబారు వంచేశాకే తడి చెత్త తూచాలి. లేకపోతే నీళ్లకి లెక్క రాసినట్టే.

అసలు తంటా ఇక్కడి నుంచి. చెత్త తీసుకెళ్లే వెండర్ బండి ఎక్కిందంతా రీసైకిల్ అయినట్టు కాదు. ఉదాహరణకి 1000 కిలోల పొడి చెత్త ఇచ్చారనుకోండి. సార్టింగ్ సెంటర్లో అందులో 250 కిలోలు జిడ్డు పట్టిన పార్సిల్ డబ్బాలు, చిప్స్ కవర్ల లాంటి పొరల ప్యాకెట్లు తేలితే, అవి రీసైకిల్ కావు కాబట్టి మీ రీసైకిల్ అంకె 750. ఆ రిజెక్ట్ బరువు నెలనెలా రాతపూర్వకంగా ఇవ్వని వెండర్‌ని నేనైతే పెట్టుకోను, మీరూ పెట్టుకోవద్దు. అందమైన సర్టిఫికెట్ ఇస్తాడు సరే, దాన్ని ఏం చేసుకుంటాం?

ఇక ఏడాదికీ ఏడాదికీ పోల్చడం. అందరూ శాతం ఒక్కటే చూపిస్తారు, అక్కడే బోల్తా పడతారు. 100 కిలోల చెత్తలో 60 రీసైకిల్ అయితే 60 శాతం. మరుసటి ఏడు వాటర్ బాటిళ్లు మానేశారు, రీసైకిల్‌కి వెళ్లే 20 కిలోలు తగ్గాయి. ఇప్పుడు మొత్తం 80, రీసైకిల్ 40, అంటే 50 శాతం. మంచి పని చేసినందుకు మార్కులు తగ్గాయి! అందుకే శాతం పక్కన మొత్తం కిలోలు, తలకి ఎన్ని కిలోలు, రిజెక్ట్ ఎంత అన్నవి కూడా ఉండి తీరాలి. తలలు లెక్కపెట్టేది పేరోల్‌తో కాదు, గేటు దగ్గర కార్డు స్వైప్‌లతో. వారానికి మూడు రోజులొచ్చే ఉద్యోగి అయిదు రోజుల చెత్త వేయడు కదా.

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి తప్పనిసరి చేసిన బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో రకాలవారీగా చెత్త ఎన్ని టన్నులో, ఈ ఏడాదివీ గత ఏడాదివీ పక్కపక్కనే అడుగుతారు. దాంతోపాటు చెత్త బరువుని టర్నోవర్‌తో భాగించిన అంకె కూడా. ధరలు పెరిగి టర్నోవర్ పెరిగితే చెత్త తగ్గకుండానే ఆ అంకె తగ్గుతుంది, కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని సంబరపడకండి.

పోలికకి 2020-21ని ఆధారంగా పెట్టుకోకండి. ఆఫీసులు ఖాళీగా ఉన్న ఏడు అది, దాని పక్కన ఏ ఏడాదైనా ఘోరంగానే కనబడుతుంది. అలాగని దాన్ని చెరిపేయకండి, కారణం పక్కనే రాయండి. అంతస్తు ఖాళీ చేసినా, క్యాంటీన్ కాంట్రాక్టర్ మారినా, వెండర్ మారినా తేదీతో సహా అదే పేజీలో ఉండాలి.